ఊరికంటే ముందు పుట్టిన వంతెన

కండ్లకోయలో నది లేదు. ఉన్నవన్నీ రోడ్లే. మేడ్చల్, తూప్రాన్, కామారెడ్డి దాటి నాగపూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఒకటి, దాన్ని అడ్డంగా దాటే ఔటర్ రింగ్ రోడ్డు ఒకటి. హైదరాబాదు చుట్టూ 158 కిలోమీటర్లు తిరిగే ఆ రింగులో అన్నిటికంటే ఆఖరున అతికిన ముక్క ఇక్కడిదే. కిలోమీటరుకు కాస్త ఎక్కువ పొడుగున్న ఆ ముక్క భూసేకరణ చిక్కుల్లో ఏళ్ళ తరబడి నలిగి, చివరికి 2018 మే నెలలో తెరుచుకుంది. ఆ తర్వాత ఏం జరిగిందో ఇటు వచ్చేవాళ్ళందరికీ తెలుసు. పొలాలు వెంచర్లయ్యాయి, వెంచర్లలో అపార్టుమెంట్లు లేచాయి, గోదాములూ ఫంక్షన్ హాళ్ళూ బారులు తీరాయి. 2022లో ఐటీ పార్కుకు శంకుస్థాపన కూడా అయింది. అటవీశాఖ వాళ్ళ ఆక్సిజన్ పార్కు లేకపోతే ఈ కూడలిలో చెట్టు నీడన నిలబడదామన్నా చోటుండదు.

ఇక్కడ దారి ముందు పడింది, ఊరు దాని వెంట నడిచొచ్చింది. హైదరాబాదుకు ఇది కొత్త సంగతి కాదు. అసలు ఆ నగరం పుట్టుకే అలాంటిది. చార్మినారు కట్టింది 1591లో. దాని దాకా దారి వేసిన రాతి వంతెన పురానాపూల్ మాత్రం 1578 నాటికే మూసీ మీద నిలబడి ఉంది. ఊరికంటే పదమూడేళ్ళు పెద్దది. బస్సు కిటికీలోంచి దాన్ని చాలామందే చూసి ఉంటారు. దిగి, ఈ కొస నుంచి ఆ కొసకు నడిచినవాళ్ళు ఎంతమందో అనుకుంటూ ఒక ఆదివారం పొద్దున్నే బయలుదేరాను.

మేడ్చల్ నుంచి వచ్చే 229 నంబరు బస్సు సికింద్రాబాదులో దింపుతుంది. ఆదివారం పొద్దున కనుక కొంపల్లి, సుచిత్ర తొందరగానే దాటాం. మామూలు రోజైతే ఆ రెండు చోట్లే సగం ఓపిక ఖర్చవుతుంది. ఇదే రోడ్డు పట్టుకుని ఇటు కాకుండా ఉత్తరంగా పోతే, నిర్మల్ చేరబోయే ముందు సోన్ దగ్గర గోదావరి వస్తుంది. అక్కడా నిజాం కాలపు పాత వంతెన ఒకటి ఉంది, పక్కన కొత్తది. ఆ ప్రయాణం ఇంకోసారి.

సికింద్రాబాదులో అఫ్జల్‌గంజ్ బస్సెక్కాను. ట్యాంక్‌బండ్ మీదికి రాగానే ఎడమా కుడీ చూసేవాళ్ళు బుద్ధుణ్ణీ విగ్రహాలనూ చూస్తారు కాని, కింద ఉన్న కట్టను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. 1562లో కట్టిన కట్ట అది. హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో తయారైంది కనుక హుస్సేన్‌సాగర్ అయింది. అప్పుడు గోల్కొండ గద్దె మీద ఉన్నది ఇబ్రహీం కుతుబ్ షా. మూసీ వంతెనా ఆయన కట్టించిందే. గోల్కొండ కోట చుట్టూ రాతి ప్రాకారాన్ని గట్టిపరిచిందీ ఆయనే. ఇంత కట్టినవాడి పేరు ఊళ్ళో గట్టిగా వినబడదు. ఆ పేరంతా చార్మినారు కట్టించిన కొడుకు మహమ్మద్ కులీకే పోయింది.

తెలుగు చదువుకున్నవాళ్ళకు ఇబ్రహీం ఇంకో పేరుతో పరిచయం. మల్కిభరాముడు. గద్దెనెక్కక ముందు అన్న జంషీద్ భయానికి పారిపోయి, విజయనగరంలో అళియ రామరాయల అండన ఏడేళ్ళున్నాడు. తెలుగు మీద మక్కువ అక్కడే కుదిరిందంటారు. అద్దంకి గంగాధర కవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్ ఖాన్‌కు పొన్నెగంటి తెలగన యయాతిచరిత్రను అంకితమిచ్చాడు, అచ్చతెలుగులో వచ్చిన తొలి కావ్యం అది. అన్నం పెట్టిన రామరాయల మీదికే 1565లో తళ్ళికోట యుద్ధానికి వెళ్ళిన సుల్తానుల్లోనూ ఈయన ఉన్నాడు. రాజుల కృతజ్ఞత ఎంతవరకో అక్కడే తేలిపోయింది. ఆ లెక్క ఎలా ఉన్నా, సాహిత్య చరిత్ర పుస్తకాల్లో మల్కిభరాముడి పక్కన కావ్యాల పేర్లే ఉంటాయి, వంతెన పేరుండదు. పర్యాటకుల పుస్తకాల్లో వంతెన ఉంటుంది, కావ్యాలుండవు. రెండూ ఒకే మనిషివని చెప్పే పుస్తకాలు తక్కువ.

అఫ్జల్‌గంజ్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాను. బేగంబజారు దుకాణాలు ఇంకా షట్టర్లు ఎత్తలేదు. జుమేరాత్ బజారు దాటుతుండగా డ్రైవరు వెనక్కి తిరిగాడు.

“ఈ దిక్కు దించాల్నా సార్, దర్వాజ దిక్కు దించాల్నా?”

“వంతెన మీదికే పోనీ.”

“పాత పూల్ మీదికి బండి పోదు సార్. కూరగాయలోళ్ళు కూసుంటరు. కొత్త దాని మీదికెళ్ళి తీస్కపోతా, మీరు దిగి నడువుండ్రి.”

ఆయన చెప్పిందే నిజం. పురానాపూల్‌కు ఆనుకున్నంత దగ్గరలో కొత్త వంతెన ఉంది. బస్సులు, లారీలు, ఆటోలు అన్నీ దాని మీదే. పాతది మనుషులకూ కూరగాయలకూ మిగిలింది. నేను వెళ్ళేసరికి పుంటికూర, పాలకూర, కొత్మీర కట్టలు రెండు వరసల్లో పరిచి ఉన్నాయి. టమాటాలు గోనెపట్టాల మీద కుప్పలుగా పోశారు. నడుమ బేరాలాడే జనం. కింద ఉన్నది నేల కాదనీ, నదికి అడ్డంగా నిలబడి ఉన్నామనీ వాసన తగిలితే తప్ప తెలియదు.

ఒక పెద్దావిడ దగ్గర కొత్మీర కొని అడిగాను, “అమ్మా, ఎన్నేళ్ళ నుంచి కూర్చుంటున్నారు ఇక్కడ?”

“మా అత్త కూసునేది బిడ్డా. ఆమె పోయినంక నేను కూసుంటున్న. అప్పుడు గిట్ల మధ్యల కాదు, పూల్ కొసకు కూసునేది. మోటార్లు పోతుండె గద.”

“ఇది ఎవరు కట్టించారో తెలుసా?”

“నవాబు కట్టిచ్చిండు. కొడుకు నీళ్ళల్ల కొట్కపోతడని.” ఆమె పక్కనున్నావిడ నవ్వింది. “పోరి కోసం దాటబోయిండు, గది చెప్పవేంది!”

ఆ కథ ఊరందరికీ తెలిసిందే. యువరాజు మహమ్మద్ కులీ అవతలి ఒడ్డున చిచలం అనే పల్లెలో ఉన్న భాగమతి కోసం పొంగుతున్న మూసీలోకి గుర్రాన్ని దూకించాడట. కొడుకు ప్రాణం మీది తీపితో తండ్రి వంతెన కట్టించాడట. సినిమాకు బాగుంటుంది. లెక్కకే నిలవదు. మహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. వంతెన పూర్తయిన 1578 నాటికి పన్నెండు, పదమూడేళ్ళ పిల్లాడు. వంతెన పని అంతకు కొన్నేళ్ళ ముందే మొదలై ఉండాలి. అంటే గుర్రాన్ని నదిలోకి దూకించిన ప్రేమికుడికి అప్పుడు పదేళ్ళుంటాయేమో! చరిత్రకారుడు హరూన్ ఖాన్ షేర్వానీ అయితే భాగమతే లేదు పొమ్మన్నాడు. నరేంద్ర లూథర్ ఉందని వాదించాడు. భాగమతి ఉందో లేదో పండితులు తేల్చుకోవాలి. వంతెనకూ ఆమెకూ మాత్రం సంబంధం పెట్టలేం.

ఉన్న కారణం అంత రంజుగా ఉండదు కాని గట్టిది. పదహారో శతాబ్దం నడిచేకొద్దీ గోల్కొండ కోటలో జనం కిక్కిరిసిపోయారు. నీళ్ళకు ఇరుకు, ఇళ్ళకు ఇరుకు. కోట బయట తూర్పుగా కార్వాన్‌లో వర్తకుల విడుదులు పెరిగాయి. వజ్రాలు, బట్టలు, అన్నీ అక్కడే చేతులు మారేవి. ఆ సరుకు ఓడెక్కాలంటే మచిలీపట్నం రేవుకు పోవాలి. మచిలీపట్నం దారికి మూసీ అడ్డం. ఎండాకాలంలో ఇసుకలో బండ్లు దిగి దాటినా, వానలు పడితే ఒడ్డునే పడిగాపులు. అవతలి ఒడ్డున కావలసినంత ఖాళీ నేల ఉంది. పాత కోటకూ ఆ ఖాళీ నేలకూ మధ్య వంతెన వేస్తే వ్యాపారం సాగుతుంది, రేపు ఊరు అటు జరగడానికీ వీలుంటుంది. ఇబ్రహీం 1580లో పోయాడు. కొత్త ఊరు ఆయన చూడలేదు. కొడుకు, పేష్వా మీర్ మోమిన్ కలిసి చార్మినారు నడిబొడ్డుగా దాన్ని కట్టారు. కోట నుంచి ఆ ఊరికి పోవాలంటే దారి ఈ వంతెన మీదే.

కండ్లకోయ కూడలిలో రియల్ ఎస్టేట్ బోర్డుల మీద రాసేది ఇదే లెక్క. ‘ఔటర్‌కు అయిదు నిమిషాలు.’ 1578లో బోర్డులుంటే ‘పూల్‌కు అయిదు నిమిషాలు’ అని కార్వాన్ సాహుకారు ఎవరో తప్పక రాయించేవాడు.

దర్వాజా వైపు కొస దాకా నడిచి, కొత్త వంతెన మీదికి మారి, అక్కడి నుంచి పాతదాన్ని చూశాను. దాని ఒడ్డూ పొడుగూ తెలియాలంటే ఇలా పక్కనుంచే చూడాలి. పైన నడిచేవాళ్ళకు మార్కెట్టే కనిపిస్తుంది, కమానులు కనిపించవు. 22 కమానులు, 600 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు, నది అడుగు నుంచి 54 అడుగుల ఎత్తు అని పుస్తకాల్లో ఉంటుంది. ఎత్తు మాత్రం ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. పూడిక, చెత్త, కట్టడాల శిథిలాలు నిండి నది అడుగే పైకొచ్చేసింది. స్తంభాల మొదళ్ళు ఎక్కడో కింద కూరుకుపోయి ఉన్నాయి.

కమాను పనితనం తెలిస్తే ఈ వంతెన వయసు మీద ఆశ్చర్యం కాస్త తగ్గి, గౌరవం పెరుగుతుంది. రాయి నొక్కుడుకు ఎంతైనా ఓర్చుకుంటుంది, వంపుకు ఓర్చుకోదు. రెండు గోడల మీద పొడుగాటి రాతిబండ పరిచి దాని మీద ఏనుగును నడిపిస్తే బండ నడిమికి విరుగుతుంది. అదే రాయిని పైన వెడల్పు, కింద సన్నం ఉండేలా చెక్కి, చెక్క అచ్చు మీద వంపుగా పేర్చి, నడినెత్తిన చివరి రాయి బిగించి అచ్చు తీసేస్తే, పైన ఎంత బరువు పడితే రాళ్ళు అంతగా ఒకదాన్నొకటి అదుముకుని బిగుస్తాయి. బరువు కమాను వెంట జారి స్తంభంలోకి, అక్కణ్ణుంచి నేలలోకి పోతుంది. పక్కకు తన్నే బలాన్ని పక్క కమాను ఎదురు తన్ని ఆపుతుంది. చివరి కమానులకు ఆ ఆసరా ఒడ్డున కట్టిన దిమ్మెలిస్తాయి. ఇనుము లేదు కనుక తుప్పు లేదు. రాళ్ళ మధ్య ఉన్నది డంగుసున్నం. సిమెంటులా బిర్రబిగుసుకోదు, ఎండకు రాయి సాగినా, చలికి ముడుచుకున్నా కొంచెం సర్దుకుంటుంది. ఏనుగులు, ఫిరంగి బండ్లు, ఎడ్లబండ్లు, తర్వాత లారీలు, అన్నిటినీ మోసింది ఈ సర్దుబాటుతోనే.

పదిహేడో శతాబ్దంలో వజ్రాల బేరానికి గోల్కొండ వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఈ వంతెనను చూసి, పారిస్‌లోని పోంనెఫ్ అందానికి ఇది పెద్దగా తీసిపోదన్నాడు. చిత్రమేమంటే, పోంనెఫ్‌కు రాజు పునాది రాయి వేసింది కూడా 1578లోనే. ఇక్కడ పని ముగిసిన ఏడు అక్కడ మొదలైంది. మధ్యలో మతయుద్ధాలు వచ్చి ఆగి, 1607కు గాని పూర్తి కాలేదు. ఈ రోజుకూ దాని మీద కార్లు పోతున్నాయి. మన దేశంలోనే జౌన్‌పూర్‌లో గోమతి మీద అక్బరు కాలంలో మునీమ్ ఖాన్ కట్టించిన రాతి వంతెన ఇంకో పదేళ్ళు పెద్దది. ఆ వయసు వంతెనలు ప్రపంచంలో ఉన్నాయి. అందుకని పురానాపూల్ ఒక్కటే వింత అని చెప్పను. కాని దాని వల్లే పుట్టిన మహానగరం దాన్ని ఇంతగా మరిచిపోవడం మాత్రం వింతే.

దక్షిణపు కొసన ఉన్న పురానాపూల్ దర్వాజా కుతుబ్‌షాహీల నాటిది కాదు. నగరం చుట్టూ గోడ కట్టడం పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెడితే, మొదటి అసఫ్‌జా పూర్తిచేశాడు. ఆ గోడకు 13 దర్వాజాలుండేవి. నిలిచినవి రెండే: ఇదీ, దబీర్‌పురా దర్వాజా. పురానాపూల్ దర్వాజా కింద నిలబడి టీ తాగాను. అక్కడి నుంచి పేట్లబుర్జు, హుస్సేనీ ఆలం మీదుగా చార్మినారుకు నడిచిపోవచ్చు. అవతలి దిక్కున కార్వాన్‌లోకి పోతే 1671 నాటి టోలీ మసీదు ఉంది, గచ్చు పని చూడాలంటే అక్కడ చూడాలి.

వరదలు ఈ వంతెనను వదల్లేదు. దెబ్బతిన్న భాగాలను 1820లో సికందర్ జా బాగుచేయించాడు. అన్నిటికంటే పెద్ద పరీక్ష 1908 సెప్టెంబరు 28న వచ్చింది. ఆ నాటికి మూసీ మీద ఇంకా మూడు వంతెనలున్నాయి: చాదర్‌ఘాట్‌ది, అఫ్జల్‌గంజ్‌ది, ముస్లింజంగ్‌ది. అన్నీ దీనికంటే రెండు మూడు వందల ఏళ్ళు చిన్నవి. వరద మూడింటినీ తెంచేసింది. దాదాపు పదిహేను వేల మంది పోయారని అంచనా. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. నీళ్ళు తీశాక ఊరి రెండు సగాలనూ కలిపింది ఈ పాత వంతెన ఒక్కటే. దీనికీ దెబ్బలు తగిలాయి కాని నిలబడింది.

ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఊళ్ళోకి వచ్చాక నదిని ఆపలేం, పైనే ఆపాలన్నాడాయన. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద భయం తగ్గింది, ఊరికి తాగునీళ్ళు వచ్చాయి. మూల్యం మాత్రం వంతెన కింది నది చెల్లించింది. అనంతగిరి కొండల్లో పుట్టి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీకి, ఊరి నడుమ తన నీళ్ళంటూ మిగల్లేదు. ఆ ఖాళీలోకి మురుగు వచ్చి చేరింది. కమానుల కింద పారేది చాలామటుకు మన ఇళ్ళలోంచి వచ్చిందే. ఇందులో విశ్వేశ్వరయ్య తప్పు వెతకడం అన్యాయం. ఆనకట్ట కట్టమన్నాడు గాని, దిగువన మురుగు వదలమని ఆయన చెప్పలేదు.

వరద భయమూ పూర్తిగా పోలేదు. 2025 సెప్టెంబరు చివర్లో జంట జలాశయాల గేట్లెత్తితే మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకే నీళ్ళొచ్చాయి. నది తన పాత వెడల్పును మరిచిపోలేదు, ఒడ్డున ఇళ్ళూ షెడ్లూ కట్టుకున్న మనమే మరిచిపోయాం.

తిరిగొస్తూ మళ్ళీ కమానుల వైపు చూశాను. రాళ్ళ సందుల్లో రావి మొక్కలు మొలిచి ఉన్నాయి. కొన్ని ఇప్పటికే చేతి మందం తేలాయి. వరద పెకలించలేని రాయిని వేరు నెమ్మదిగా పెకలిస్తుంది. మూసీ ప్రక్షాళన పేరుతో ప్రభుత్వాలు పెద్ద పెద్ద పథకాలు చెబుతున్నాయి. అవి ఎప్పటికి తేలతాయో గాని, అంతకుముందే తక్కువ ఖర్చుతో చేయదగిన పనులున్నాయి. ఆ మొక్కలను వేళ్ళతో సహా తీయించాలి. విడిపోయిన అతుకులను సిమెంటుతో కాకుండా సున్నంతోనే పూడ్చాలి. సిమెంటు తేమను లోపలే బంధించి పాత రాయిని పాడుచేస్తుంది. స్తంభాల చుట్టూ పూడిక తవ్వించాలి. కట్టిందెవరో, ఎప్పుడో తెలుగులో, ఉర్దూలో చెప్పే పెద్ద పలకను రెండు కొసలా పెట్టించాలి. కూరగాయల వాళ్ళను మాత్రం అందం పేరు చెప్పి అక్కడి నుంచి లేపకూడదు. వాళ్ళున్నంత కాలం అది జనం నడిచే వంతెనగా ఉంటుంది. వాళ్ళు లేస్తే చెత్త పోసే చోటవుతుంది. కావాలంటే తట్టలు పెట్టుకోవడానికి పద్ధతిగా గట్లు కట్టించి, చెత్తబుట్టలిచ్చి, నదిలో ఏమీ వేయొద్దని కట్టడి చేయవచ్చు.

చూడాలనుకునేవాళ్ళు పొద్దున ఏడు లోపల వెళ్ళండి. అఫ్జల్‌గంజ్ నుంచి ఆటోలు దొరుకుతాయి. ముందు కొత్త వంతెన మీద నిలబడి పక్కనుంచి కమానులు చూసి, తర్వాత పాతదాని మీద నడవండి. సంచి తీసుకెళ్ళండి, ఆకుకూరలు తాజాగా ఉంటాయి.